ఆకలి – మెదడు

పాఠ్యాంశ ఉద్దేశం

ఆకలి పొట్టకు మాత్రమే సంబంధించినదని మనం సాధారణంగా భావిస్తాం. కాని ఆకలి పుట్టడంలోనూ, తీరడంలోనూ మెదడు పాత్ర ఎంతో ఉంది. మెదడులోని రసాయనాల పనితీరు మారినప్పుడు మనిషికి ఆహారంతో ఉన్న సంబంధమే మారిపోతుంది. ఆహార రుగ్మతలు మొండితనం వల్ల వచ్చేవి కావనీ, అవి చికిత్సకు లొంగే వ్యాధులనీ తెలియజేయడం, బాధితుల పట్ల విద్యార్థులలో సహానుభూతిని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్నారు మన పెద్దలు. ఆకలిగొన్నవాడికి చద్దన్నమైనా అమృతమే. ప్రాణికోటి అంతటికీ ఆకలిదప్పులు సహజం. ఆకలి వేసినప్పుడు తినడం, కడుపు నిండగానే ఆపడం ఎవరూ నేర్పనక్కరలేని విద్య. పాలు తాగే పసిబిడ్డకు సైతం ఈ విద్య తెలుసు. అయితే ఈ సహజ ధర్మానికి దూరమైనవారు కొందరు మన మధ్యనే ఉన్నారు. ఇంట్లో ఏ లోటూ లేకపోయినా, ఎదుట కంచంలో అన్నం ఉన్నా, దేహం ఎముకల గూడుగా మారుతున్నా వారు తినలేరు. మరికొందరు కడుపు నిండిన తరువాత కూడా ఆపుకోలేక తింటూనే ఉంటారు; తిన్నందుకు తమను తామే అసహ్యించుకుంటారు. చూసేవారు దీనిని మొండితనమనీ, పొగరనీ, నిగ్రహం లేకపోవడమనీ అంటారు. వైద్యశాస్త్రం దీనిని వ్యాధి అంటుంది. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. మొండితనానికి మందలింపు చాలు; వ్యాధికి చికిత్స కావాలి. మనం ఏ పేరు పెడతామన్న దానిపై ఒక్కొక్కసారి ఒక నిండు ప్రాణం ఆధారపడి ఉంటుంది.

ఆహార రుగ్మతలు – స్వరూపం

ఆహార రుగ్మతలలో ముఖ్యమైనవి మూడు. మొదటిది అనొరెక్సియా నెర్వోసా. దీనికి గురైనవారు బరువు పెరుగుతామన్న తీవ్రమైన భయంతో ఆహారాన్ని నానాటికీ తగ్గించుకుంటారు. ఎంత చిక్కిపోయినా అద్దంలో తమకు తాము లావుగానే కనిపిస్తారు. రెండవది బులీమియా నెర్వోసా. ఈ వ్యాధి ఉన్నవారు కొద్ది సమయంలోనే అపరిమితంగా తింటారు. ఆ వెంటనే భయం, సిగ్గు వారిని కమ్ముకుంటాయి. తిన్నదాని ఫలితాన్ని తుడిచివేయాలని వాంతులకు, పస్తులకు, మితిమీరిన వ్యాయామానికి పూనుకుంటారు. వీరి బరువు చాలావరకు మామూలుగానే ఉంటుంది కాబట్టి ఇంట్లోవారు కూడా ఏళ్ళ తరబడి గుర్తించలేరు. మూడవది అతిభోజన రుగ్మత. ఇందులో అదుపు లేకుండా తినడం ఉంటుంది. తరువాత మనస్తాపమూ ఉంటుంది. తిన్నదాన్ని తొలగించుకునే ప్రయత్నం మాత్రం ఉండదు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వ్యాధి నిర్ధారణ గ్రంథం ఐదవ కూర్పులో దీనిని ప్రత్యేక వ్యాధిగా చేర్చింది.

ఈ రుగ్మతలు తరచుగా కౌమార దశలోనే తలెత్తుతాయి. బాలికలలో ఎక్కువగా కనిపిస్తాయి. బాలురకు రావనుకోవడం పొరపాటు. కండలు పెంచాలన్న తపనతో తిండిని అతిగా నియంత్రించుకునే యువకులలో కూడా ఇవి మొదలవుతాయి.

ఇవి నేటి కాలపు ఫ్యాషన్ల వల్ల కొత్తగా పుట్టినవని కొందరు అనుకుంటారు. చరిత్ర ఆ మాటను సమర్థించదు. 1689లో రిచర్డ్ మోర్టన్ అనే ఆంగ్ల వైద్యుడు క్షయ లక్షణాలేవీ లేకుండానే, తిండి మానేసి కృశించిపోయిన రోగులను గురించి రాశాడు. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లాసెగ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ వ్యాధిని వర్ణించారు. అనొరెక్సియా నెర్వోసా అనే పేరు గల్ పెట్టినదే. బులీమియా నెర్వోసాను 1979లో జెరాల్డ్ రసెల్ అనే బ్రిటిష్ మనోవైద్యుడు వేరుగా గుర్తించాడు. 1983 ఫిబ్రవరిలో ప్రసిద్ధ అమెరికన్ గాయని కేరన్ కార్పెంటర్ అనొరెక్సియా వల్ల దెబ్బతిన్న గుండె ఆగి 32 ఏళ్ళ వయస్సులోనే మరణించింది. సన్నబడాలన్న కోరిక ప్రాణాంతకమైన వ్యాధిగా మారగలదని సామాన్య ప్రజలకు అప్పుడే బోధపడింది.

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. మన దేశంలో ఉపవాసం ఆచారమే కదా! కార్తిక సోమవారం నాడు పగలంతా ఏమీ తినకుండా ఉండి, నక్షత్ర దర్శనమైన తరువాత భోజనం చేస్తాం. రంజాన్ మాసంలో ముస్లింలు సూర్యాస్తమయం దాకా నిరాహారంగా ఉండి ఇఫ్తార్‌తో దీక్ష విరమిస్తారు. ఇవి వ్యాధులా? కావు. ఉపవాసానికి ఒక వేళ ఉంది, ఒక హద్దు ఉంది. విరమించే సమయానికి నలుగురూ కలిసి సంతోషంగా తింటారు. ఉపవాసానికి పారణ ఉంది. ఈ వ్యాధికి పారణ లేదు. ఉపవాసమున్న వ్యక్తి అన్నాన్ని గౌరవించి ఆగుతాడు. రోగి అన్నాన్ని చూసి భయపడి ఆగుతాడు.

ఆకలి ఎక్కడ పుడుతుంది?

మెదడు అడుగుభాగంలో బాదంపప్పు పరిమాణంలో హైపోథాలమస్ అనే భాగం ఉంది. శరీర ఉష్ణోగ్రత, దాహం, నిద్ర, ఆకలి వంటి దేహావసరాలను ఇది పర్యవేక్షిస్తుంది. 1940లో హెదరింగ్టన్, రాన్సన్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలలో దీని మధ్యభాగం దెబ్బతింటే అవి విపరీతంగా లావెక్కుతాయని నిరూపించారు. 1951లో బాల్ కృష్ణ ఆనంద్ అనే భారతీయ శాస్త్రజ్ఞుడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి మరొక ముఖ్య విషయం కనుగొన్నాడు. హైపోథాలమస్ పక్కభాగాలు రెండువైపులా దెబ్బతిన్న ఎలుకలు ఎదురుగా ఆహారం ఉన్నా ముట్టలేదు. ఆకలికి పొట్టతో పాటు మెదడులోనూ ఒక నెలవు ఉందని ఈ ప్రయోగం స్పష్టం చేసింది. ఆనంద్ తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో శరీరధర్మశాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దాడు. ఆకలి ఒకే ఒక్క కేంద్రం చేసే పని కాదనీ, మెదడులోని అనేక భాగాలు కలిసి నడిపే వ్యవస్థ అనీ తరువాతి పరిశోధనలు తెలిపాయి. అయినా ఆనంద్ వేసిన బాట చెరిగిపోలేదు.

శరీరం తన స్థితిని మెదడుకు ఎలా తెలుపుతుంది? హార్మోన్ల ద్వారా తెలుపుతుంది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం న్యూయార్క్‌లో లెప్టిన్ అనే హార్మోన్‌ను కనుగొంది. ఇది కొవ్వు కణాలలో తయారై, శరీరంలో నిల్వలు ఎంత ఉన్నాయో మెదడుకు చెబుతుంది. 1999లో కొజిమా, కంగావా అనే జపాన్ శాస్త్రజ్ఞులు గ్రెలిన్‌ను కనుగొన్నారు. ఇది ప్రధానంగా జీర్ణాశయంలో ఉత్పత్తి అవుతుంది. భోజనానికి ముందు దీని పరిమాణం పెరిగి ఆకలి వేస్తుంది. ఒక విధంగా చెప్పాలంటే లెప్టిన్ గాదెలో ఎన్ని గింజలున్నాయో లెక్క చెప్పేది. గ్రెలిన్ పొయ్యి వెలిగించమని తొందరపెట్టేది.

అనొరెక్సియా రోగులను పరీక్షిస్తే ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది. వారి రక్తంలో లెప్టిన్ చాలా తక్కువగానూ, గ్రెలిన్ ఎక్కువగానూ ఉంటాయి. గాదె ఖాళీ అయిందనీ, వెంటనే తినాలనీ శరీరం తన కర్తవ్యం ప్రకారం మొరపెట్టుకుంటూనే ఉంది. రోగికి ఆకలి లేదన్న మాట నిజం కాదు. సందేశం పంపడంలో లోపం లేదు. దానిని అందుకొని అర్థం చేసుకునే చోటనే తేడా వచ్చింది. ఆ చోటు మెదడు.

మెదడు రసాయనాలు

మన మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతం మాత్రమే. కాని విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు 20 శాతం మెదడే వినియోగించుకుంటుంది. తిండి తగ్గితే ముందుగా ఇబ్బంది పడే అవయవాలలో అదొకటి కావడంలో వింత లేదు.

మెదడులో కోట్లాది నాడీకణాలు ఉన్నాయి. ఒక కణానికీ మరొక కణానికీ మధ్య అతి సన్నని ఎడం ఉంటుంది. ఈ ఎడాన్ని దాటించి వార్తను చేరవేసే రసాయనాలను నాడీ ప్రసారకాలు అంటారు. గోదావరి లంక గ్రామాలకు వంతెన లేని చోట పడవ ఎలాంటిదో నాడీకణాలకు ఈ ప్రసారకాలు అలాంటివి. ఈ ఒడ్డున బయలుదేరిన పడవకు ఆ ఒడ్డున రేవు ఉండాలి. అలాగే ప్రసారకాన్ని అందుకోవడానికి అవతలి కణంపై గ్రాహకాలు ఉంటాయి. పని పూర్తి కాగానే పడవ వెనుకకు వచ్చినట్లు, ప్రసారకంలో కొంత భాగం మొదటి కణంలోకే తిరిగి చేరుతుంది. పడవలు తగ్గినా, రేవులు పెరిగినా, తిరిగిరావడంలో తేడా వచ్చినా అవతలి ఒడ్డుకు చేరే వార్త మారిపోతుంది.

ఆహార రుగ్మతల విషయంలో ముఖ్యంగా రెండు ప్రసారకాలను గురించి తెలుసుకోవాలి. మొదటిది సెరటోనిన్. మనఃస్థితి, ఆందోళన, నిద్ర, కడుపు నిండిన భావన – వీటన్నింటితో దీనికి సంబంధం ఉంది. ఇది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుండి తయారవుతుంది. ట్రిప్టోఫాన్‌ను మన శరీరం సొంతంగా తయారుచేసుకోలేదు. పప్పులు, పాలు, గుడ్లు, వేరుశనగలు, నువ్వులు వంటి ఆహారపదార్థాల నుండే అది లభించాలి. అందువల్ల మనం తినే ముద్దకూ, మన మనస్సు నెమ్మదికీ మధ్య ఒక రసాయన బంధం ఉంది. తిండి తగ్గితే ముడిసరుకు తగ్గుతుంది; ముడిసరుకు తగ్గితే మెదడులో రసాయనోత్పత్తి కుంటుపడుతుంది.

రెండవది డోపమిన్. ఏదైనా మేలు కలిగించే పని చేసినప్పుడు ‘ఇది బాగుంది, మళ్ళీ చేయి’ అని మెదడుకు నేర్పడంలో దీని పాత్ర గొప్పది. రుచికరమైన భోజనం, స్నేహితుల మాట, పరీక్షలో విజయం – ఇవన్నీ ఈ వ్యవస్థను కదిలిస్తాయి. మంచి అలవాట్లు గానీ చెడు అలవాట్లు గానీ నిలదొక్కుకోవడానికి ఇది తోడ్పడుతుంది.

మిన్నెసోటా ప్రయోగం

తిండి లేకపోతే మనస్సు ఎలా మారుతుందో తెలిపే ప్రసిద్ధమైన ప్రయోగం రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జరిగింది. యుద్ధం వల్ల యూరప్‌లో లక్షలాది ప్రజలు ఆకలితో అలమటిస్తున్నారు. వారికి తిరిగి ఆహారం ఎలా అందించాలో తెలుసుకోవడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 1944 నవంబరులో ఒక ప్రయోగం ప్రారంభించాడు. మనస్సాక్షికి కట్టుబడి ఆయుధం పట్టడానికి నిరాకరించిన యువకులు 36 మంది స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. వారందరూ దేహారోగ్యంలోనూ, మానసిక ఆరోగ్యంలోనూ దృఢంగా ఉన్నారని పరీక్షించిన తరువాతనే ఎంపిక చేశారు. మొదటి 12 వారాలు మామూలు భోజనం పెట్టారు. తరువాతి 24 వారాలు ఆహారాన్ని దాదాపు సగానికి తగ్గించారు. ఆ కాలం ముగిసేనాటికి వారు సగటున తమ బరువులో నాలుగవ వంతు కోల్పోయారు.

శరీరం కృశించడం ఊహించినదే. మనస్సులో వచ్చిన మార్పే పరిశోధకులను విస్మయపరచింది. ఆ యువకులకు ఆహారం తప్ప మరొక ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు సేకరించి గంటల తరబడి చదివారు. పెట్టిన కొద్దిపాటి ఆహారాన్ని ముక్కలు చేసి, కలిపి, ఎంతో సేపు సాగదీస్తూ తిన్నారు. నలుగురితో కలవడం మానుకున్నారు. చీటికిమాటికి చిరాకుపడ్డారు. దిగులు వారిని ఆవరించింది. తాము చిక్కిపోయామని కాక, ఎదుటివారే లావుగా ఉన్నారని కొందరికి తోచింది. కడుపునిండా తినడానికి అనుమతి లభించిన తరువాత కూడా కొందరు ఎంత తిన్నా తృప్తి కలగడం లేదన్నారు. అదుపు తప్పి తిన్నారు. మామూలు స్థితికి రావడానికి కొందరికి చాలా నెలలు పట్టింది. ఈ వివరాలన్నీ కీస్ బృందం 1950లో రెండు సంపుటాల గ్రంథంగా ప్రచురించింది.

ఈ ప్రయోగంలోని సారాన్ని గమనించండి. ఆ యువకులలో ఎవరికీ సన్నబడాలన్న కోరిక లేదు. అద్దం చూసి బాధపడినవారు కారు. అయినా అనొరెక్సియా, బులీమియా రోగులలో కనిపించే లక్షణాలు అనేకం వారిలో కనిపించాయి. రోగి స్వభావమని మనం నిందించే వాటిలో చాలా భాగం ఆకలి చేసిన పనే అని దీనివల్ల తెలుస్తుంది. ఆకలి మెదడును మార్చింది. మారిన మెదడు ఆకలిని మార్చింది. ఇదే ఈ వ్యాధి విషవలయం.

అందరూ ఎందుకు చిక్కుకోరు?

బరువు తగ్గాలని కొద్ది రోజులు తిండి తగ్గించేవారు ఎందరో ఉన్నారు. వారిలో ఎక్కువమంది మళ్ళీ మామూలుగా తింటారు. కొందరు మాత్రమే ఈ వలయంలో ఎందుకు చిక్కుకుంటారు? ఈ ప్రశ్నకు అమెరికన్ మనోవైద్యుడు వాల్టర్ కే సెరటోనిన్ పరిశోధనల ద్వారా ఒక సమాధానం సూచించాడు. అనొరెక్సియా నుండి కోలుకొని, బరువు తిరిగి పొందినవారిలో సెరటోనిన్ చురుకుదనం సాధారణం కంటె అధికంగా ఉన్న గుర్తులు ఆయన బృందానికి కనిపించాయి. ఈ వ్యాధికి గురయ్యేవారిలో చాలామంది చిన్ననాటి నుండే ఆందోళన ఎక్కువగా ఉన్నవారు. ప్రతి పనీ లోపం లేకుండా చేయాలని తపించేవారు. అటువంటి వారు తిండి తగ్గించినప్పుడు ట్రిప్టోఫాన్ తగ్గి, ఆందోళన తాత్కాలికంగా ఉపశమిస్తుందనీ, తిన్నప్పుడు అది మళ్ళీ పెరుగుతుందనీ కే అభిప్రాయం. అంటే మనకు హాయినిచ్చే భోజనం వారికి కలవరం కలిగిస్తుంది. ఇది ఇంకా పూర్తిగా నిరూపణ కాని సిద్ధాంతమే అయినప్పటికీ, ‘ఒక్క ముద్ద తింటే ఏమవుతుంది?’ అని మనం తేలికగా అడిగే ప్రశ్న రోగికి ఎందుకంత భారమో అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది.

2015లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అనొరెక్సియా రోగులు ఆహారాన్ని ఎంచుకునే సమయంలో వారి మెదడు చిత్రాలను తీసి పరిశీలించారు. అలవాట్లతో సంబంధమున్న స్ట్రయేటమ్ పైభాగం ఆ ఎంపికలో పాల్గొంటున్నట్లు గమనించారు. మొదట ఇష్టపడి చేసిన పని కొంతకాలానికి అలవాటుగా గట్టిపడి, చివరకు రోగి కోరుకున్నా వదలని స్థితికి చేరుతుందని వారి అభిప్రాయం. మనం సైకిలు తొక్కడం నేర్చుకున్న తరువాత ఆలోచించకుండానే తొక్కుతాం. రోగి తిండిని తిరస్కరించడం కూడా అటువంటిదే అవుతుంది. వ్యాధి ముదిరిన కొద్దీ చికిత్స కష్టమవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

జన్యువుల ప్రభావం కూడా ఉంది. అనొరెక్సియా వచ్చే అవకాశంలో సుమారు సగం వాటా వంశపారంపర్య లక్షణాలదని కవల పిల్లలపై జరిగిన అధ్యయనాలు తెలిపాయి. 2019లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం సుమారు 17 వేల మంది రోగుల జన్యువులను పరిశీలించి, ఈ వ్యాధితో సంబంధమున్న ఎనిమిది జన్యు స్థానాలను గుర్తించింది. వీటికి మానసిక లక్షణాలతోనే కాక, శరీరం శక్తిని వినియోగించుకునే తీరుతో కూడా సంబంధం ఉన్నట్లు తేలింది.

అయితే సర్వం మెదడు రసాయనాలదే అనుకోవడం కూడా సమంజసం కాదు. ఫిజీ దీవులలోని నాడ్రోగా ప్రాంతంలో ఆన్ బెకర్ అనే హార్వర్డ్ పరిశోధకురాలు జరిపిన అధ్యయనం ఇందుకు నిదర్శనం. అక్కడ పుష్టిగా ఉండడమే అందమని పూర్వం నుండి భావించేవారు. ఆ ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. బరువు తగ్గడానికి వాంతులు చేసుకునే అలవాటు ఆ ఏడాది ప్రశ్నించిన విద్యార్థినులలో ఎవరికీ లేదు. మూడేళ్ళ తరువాత 1998లో ప్రశ్నించినవారిలో 11.3 శాతం మందికి ఆ అలవాటు ఉంది. ఆ మూడేళ్ళలో వారి జన్యువులు మారలేదు. కళ్ళ ముందు కదిలే బొమ్మలు మారాయి. నేల పొడిగా ఉన్నంత మాత్రాన మంట పుట్టదు. నిప్పురవ్వ కూడా కావాలి. పుట్టుకతో వచ్చిన లక్షణాలు పొడి నేల వంటివి. సమాజం చేసే ఎగతాళి, ప్రకటనలు చూపే సన్నని రూపాలు, తిండి తగ్గించుకోవడం నిప్పురవ్వల వంటివి.

చికిత్స – మన బాధ్యత

రసాయనాలు కారణమైతే మందు వేస్తే సరిపోతుంది కదా అని అనిపించవచ్చు. సెరటోనిన్‌పై పనిచేసే ఫ్లుయోక్సెటిన్ అనే మందును బులీమియా చికిత్సకు అమెరికా ప్రభుత్వం 1996లో ఆమోదించింది. ఆలోచనా విధానాన్ని మార్చే సంభాషణ చికిత్స కూడా ఈ వ్యాధిలో మంచి ఫలితాలనిస్తుంది. కాని బాగా బరువు తగ్గిపోయిన అనొరెక్సియా రోగులలో ఇటువంటి మందులు చెప్పుకోదగిన మేలు చేయలేదు. ముడిసరుకే లేని మెదడులో సెరటోనిన్‌ను పెంచడం కష్టమని కొందరు నిపుణులు దీనిని వివరిస్తారు. బరువు తిరిగి వస్తున్నకొద్దీ, కృశించిన మెదడు చాలావరకు తిరిగి పుంజుకుంటుందని మెదడు చిత్రాలు తెలిపాయి. అందుచేత ఈ వ్యాధిలో ఆహారమే ప్రథమ ఔషధం. ఆ ఔషధాన్ని కూడా వైద్యుల పర్యవేక్షణలోనే ఇవ్వాలి. చాలాకాలం పస్తులున్న దేహానికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పెడితే రక్తంలో ఫాస్ఫేటు వంటి లవణాలు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు.

ఒకప్పుడు ఈ వ్యాధికి తల్లిదండ్రులే కారణమని వైద్యులు సైతం భావించి, రోగిని ఇంటి నుండి దూరంగా ఉంచేవారు. లండన్‌లోని మాడ్స్లీ ఆసుపత్రి వైద్యులు 1980లలో ఇందుకు భిన్నమైన మార్గం తొక్కారు. తల్లిదండ్రులను నిందించక, బిడ్డకు తిరిగి తిండి అలవాటు చేసే బాధ్యతను వారి చేతికే అప్పగించారు. 19 ఏళ్ళలోపే వ్యాధి మొదలై, మూడేళ్ళు దాటనివారిలో ఈ పద్ధతి మెరుగైన ఫలితాలనిచ్చినట్లు 1987లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఇంటివారు ‘నీ తప్పు’ అనడం మానేసి, ‘నీకు జబ్బు చేసింది, మేమున్నాం’ అన్నప్పుడు రోగికి ధైర్యం కలుగుతుంది.

విద్యార్థులారా! ఈ విషయం మీ వయస్సువారికి ఎంతో అవసరం. వసతి గృహాలలో కలిసి జీవించే మీకు తోటివారి మార్పులు తల్లిదండ్రుల కంటె ముందుగా తెలుస్తాయి. భోజనశాలకు రాకుండా ప్రతిరోజూ ఏదో ఒక సాకు చెప్పడం, తిన్న వెంటనే ఒంటరిగా వెళ్ళిపోవడం, ఎప్పుడూ బరువును గురించే మాట్లాడడం, చలికి తట్టుకోలేకపోవడం, తల తిరిగి పడిపోవడం, బాలికలలో నెలసరి ఆగిపోవడం – ఇవి గమనించదగిన గుర్తులు. ఇటువంటివి కనిపించినప్పుడు బలవంతంగా తినిపించడం గానీ, పదిమందిలో అడగడం గానీ చేయకూడదు. ఏకాంతంగా, నెమ్మదిగా మాట్లాడాలి. నమ్మకమున్న అధ్యాపకులకో, ఇంటి పెద్దలకో తెలియజేయాలి. ప్రభుత్వ బోధనాసుపత్రులలో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవను 14416 సంఖ్యకు ఫోన్ చేసి పొందవచ్చు. తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

అన్నిటికంటె ముందు మన నాలుకను అదుపులో ఉంచుకోవాలి. ‘బండ’, ‘బక్క’ అని మనం సరదాగా పెట్టే పేర్లు వినేవారికి సరదా కావు. మనం విసిరిన మాట ఎవరి మనస్సులో నిప్పురవ్వగా పడుతుందో మనకు తెలియదు. కాలు విరిగినవాడిని పరుగెత్తలేదేమని ఎవరూ నిలదీయరు. మెదడులో మార్పు వచ్చి తినలేకపోతున్నవారికి కూడా ఆ పాటి న్యాయం దక్కాలి. నిందకు బదులు తోడ్పాటు, ఆలస్యానికి బదులు సకాలంలో వైద్యం లభిస్తే ఎందరో ఈ వ్యాధి నుండి కోలుకొని, పదిమందితో కూర్చుని నిర్భయంగా భోజనం చేయగలుగుతారు. ఆ అవకాశాన్ని వారికి కల్పించడం చదువుకున్న ప్రతి ఒక్కరి కర్తవ్యం.

అర్థాలు

రుగ్మత : వ్యాధి, జబ్బు
కౌమారం : బాల్యానికీ యౌవనానికీ నడిమి దశ
కృశించు : చిక్కిపోవు
పారణ : ఉపవాసం తరువాత చేసే భోజనం
నెలవు : ఉండే చోటు
గాదె : ధాన్యం నిల్వ ఉంచే కట్టడం
గ్రాహకం : స్వీకరించేది
విస్మయం : ఆశ్చర్యం
విషవలయం : ఒక కీడు మరొక కీడుకు కారణమవుతూ తిరిగి మొదటికి వచ్చే స్థితి
సమంజసం : తగినది, న్యాయమైనది

అభ్యాసం

అ. ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. మిన్నెసోటా ప్రయోగాన్ని వివరించి, దాని నుండి మనం గ్రహించవలసిన విషయాలను తెలపండి.
2. ఆహార రుగ్మతలకు మెదడు రసాయనాలు, జన్యువులు, సమాజం ఏ విధంగా కారణమవుతాయో చర్చించండి.

ఆ. ఈ కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఉపవాసానికీ అనొరెక్సియా వ్యాధికీ గల భేదమేమిటి?
2. నాడీ ప్రసారకాల పనిని రచయిత ఏ ఉపమానంతో వివరించారు?
3. ఫిజీ దీవులలో జరిగిన అధ్యయనం ఏమి తెలిపింది?
4. తోటి విద్యార్థిలో ఏ గుర్తులు కనిపిస్తే మనం జాగ్రత్త పడాలి?

ఇ. ఈ కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. అనొరెక్సియా నెర్వోసా అనే పేరు పెట్టినవారెవరు?
2. సెరటోనిన్ దేని నుండి తయారవుతుంది?
3. బాల్ కృష్ణ ఆనంద్ పరిశోధన మెదడులోని ఏ భాగానికి సంబంధించినది?
4. గ్రెలిన్ ప్రధానంగా ఎక్కడ ఉత్పత్తి అవుతుంది?

ఈ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “మొండితనానికి మందలింపు చాలు, వ్యాధికి చికిత్స కావాలి.”
2. “ఉపవాసానికి పారణ ఉంది, ఈ వ్యాధికి పారణ లేదు.”
3. “ఆకలి మెదడును మార్చింది; మారిన మెదడు ఆకలిని మార్చింది.”

ఉ. భాషాంశాలు
సంధులు : దేహావసరాలు = దేహ + అవసరాలు – సవర్ణదీర్ఘ సంధి; రసాయనోత్పత్తి = రసాయన + ఉత్పత్తి – గుణ సంధి; ప్రత్యేక = ప్రతి + ఏక – యణాదేశ సంధి
సమాసాలు : ఆకలిదప్పులు – ఆకలియు, దప్పియు – ద్వంద్వ సమాసం, ప్రాణికోటి – ప్రాణుల యొక్క కోటి – షష్ఠీ తత్పురుష సమాసం

ఊ. ప్రాజెక్టు పని
మీ కళాశాలలోనో, వసతి గృహంలోనో ఒకరి రూపాన్ని, బరువును గురించి సాధారణంగా వినిపించే మాటలను ఒక వారం పాటు గమనించండి. ఎవరి పేరూ రాయకుండా వాటిని నమోదు చేసి, వాటి బదులు ఎలా మాట్లాడవచ్చో తరగతిలో చర్చించండి.